విశాలాక్షి ఆంటీ ఎడమచేతి కుట్లు

మంచులో తడిసిన ఊలు గ్లోవ్స్‌ని హీటర్ దగ్గర ఆరబెడితే ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం ఆ వాసన తగిలి, చేస్తున్న పని ఆపి కాసేపు నిలబడిపోయాను. విశాలాక్షి ఆంటీ ఇంట్లో ఎప్పుడూ ఆ వాసనే. నీడిల్‌పాయింట్, అంటే గళ్ల కాన్వాసు మీద ఊలుతో వేసే కుట్టు, అయ్యాక కాన్వాసు వంకర తిరిగితే, ఆవిడ దాన్ని తడిపి, చెక్క మీద సరిగ్గా లాగి, పిన్నులు గుచ్చి ఆరబెట్టేవారు.

అమెరికాలో, మిషిగన్‌లోని నోవై ఊళ్లో అది నా మొదటి చలికాలం. ఉద్యోగం చేయడానికి వీసా ఒప్పుకోదు, డ్రైవింగ్ రాదు. సర్జన్‌గా పనిచేసి రిటైరైన ఆంటీ మా ఎదురింట్లో ఒక్కరే ఉండేవారు. "పొద్దస్తమానం కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది, రా" అని పిలిచి, జల్లెడలా గళ్లున్న కాన్వాసు ముక్కా, మొన మొద్దుగా ఉన్న సూదీ చేతిలో పెట్టారు.

మాటిమాటికీ సూదిలోకి దారం ఎక్కించే పని ఉండదని నేను బారెడు ఊలు తెంపాను. ఆవిడ దాన్ని మూరెడుకి కత్తిరించేశారు. "అది బద్ధకస్తుల దారం. అన్ని గళ్లలోంచి దూరేసరికి పీచుపీచవుతుంది." ముడి వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. ముడి ముందువైపు బుడిపెలా తేలుతుందట. దారం కొసని వెనక పట్టుకుని, మొదటి నాలుగైదు కుట్ల కింద అణిగిపోనివ్వాలి. సూది ఖాళీ గడిలోంచి పైకి రావాలి, నిండిన గడిలోకి దిగాలి. దారం మెలిపడితే సూదిని కిందికి వేలాడనిస్తే చాలు, దానంతట అదే గిరగిరా తిరిగి విడిపోతుంది.

నెల తర్వాత నా కాన్వాసు తిరగేసి చూశారు. "ఎవరి మీద అమ్మాయ్ ఈ కోపం? ఇంతలా బిగించావు?"

హైదరాబాద్‌లో పదిమందికి టీమ్ లీడ్‌ని. ఇక్కడ పాల డబ్బాకి కూడా భర్త కారు ఎప్పుడొస్తుందా అని చూడాలి. అదంతా ఏడుస్తూ చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. "రేపు నా కారులో డ్రైవింగ్ మొదలుపెట్టు. కుట్టు మాత్రం వదులుగా వెయ్యి" అన్నారు.

మూడో ఏడు ఆంటీకి స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి మనవరాలి కోసం మందార పువ్వు దిండు కవరు సగంలో ఉంది. ఎడమచేత్తో మొదలుపెట్టారు. ఒక వరసకి ఒక మధ్యాహ్నం పట్టేది. కుట్లు అటూ ఇటూ పడేవి. చూడలేక ఒకరోజు, "అంచు నేను కుట్టి తెస్తాను" అని ఇంటికి తీసుకెళ్లి, ఆవిడ వేసిన మూడు వరసలూ విప్పేసి, నీటుగా మళ్లీ వేశాను.

మర్నాడు ఆవిడ ఎడమ బొటనవేలితో పువ్వుని మెల్లగా తడిమారు.

"సుధా, నా కుట్లేవి?"

"కొంచెం సరిచేశాను ఆంటీ. బాగా వచ్చింది కదా?"

"బాగానే వచ్చింది" అన్నారు. "చెయ్యి పడిపోయాక నా అంతట నేను చేసుకున్న పని ఆ మూడు వరసలే."

కాన్వాసు నా ఒళ్లో పెట్టారు.

"విప్పు" అన్నారు.

ఆవిడ ఎదుటే కూర్చుని, నా కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పాను. వేసవి దాకా ఆవిడే కుట్టారు. నేను సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని, అంతే. సూది మూడుసార్లు, నాలుగుసార్లు గడి తప్పేది. అందుకుందామని నా వేళ్లు తహతహలాడేవి. చివరికి మందారం కాస్త పక్కకి ఒరిగి పూసింది. మనవరాలు దాన్ని కాలేజీ హాస్టల్‌కి పట్టుకెళ్లింది. మరో రెండేళ్లకి ఆంటీ పోయారు.

ఆవిడ నేర్పిన చిట్కాలు ఎవరికైనా ఐదు నిమిషాల్లో చెప్పెయ్యగలను. ఆ వేసవిలో నేర్చుకున్నది మాత్రం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని షూ లేసు కట్టుకుంటుంది. ముడి జారిపోతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. వీధి చివర స్కూల్ బస్సు మలుపు తిరుగుతుంది. నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి. వెనక్కి తీసుకుని, ఒక్క నిమిషం ఆగమని బస్సు డ్రైవర్‌కి చెయ్యి ఊపుతాను.