అత్త చేతిలో జీపీఎస్

మోకాళ్లు బాగా అరిగాయి, అడవిలో నడక కుదరదు అని డాక్టరు చెప్పాడు. మా తమ్ముడూ చెప్పాడు. నేనైతే కాస్త గొంతు పెంచే చెప్పాను. అత్త అందరి మాటా ఓపిగ్గా విని, మా ఇద్దరికీ కాఫీ గ్లాసులు అందించి, "సరి కణ్ణు, ఎప్పుడు పోదాము చెప్పు" అంది.

అత్త అంటే మా నాన్నకు అక్క. నన్ను తమిళంలో ముద్దుగా కణ్ణు అని పిలుస్తుంది. కారమడైకి అవతల, కొండల వైపు, తోటలో ఉంటుంది. రెండేళ్ల కిందట నా కడుపులో ఉన్న ఒక గడ్డకు ఆపరేషన్ చేశారు. అది ప్రమాదం లేని గడ్డేనని రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ రోజుల్లోనే అత్త మా ఇంటి సామికి మొక్కుకుంది. నేను బతికి బయటపడితే తన కాళ్లతో నడిచివచ్చి పొంగలి పెడతానని. నేను బయటపడ్డాను. పీలమేడులో మోటారు పంపుల కంపెనీలో నా డిజైన్ పని మళ్లీ మొదలుపెట్టాను. ఆదివారాలు పిట్టల్ని చూసే బృందంతో కలిసి కొండలెక్కడం కూడా మొదలుపెట్టాను. అత్తకు మాత్రం తీరని ఆ మొక్కు గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఫోను చేసిన ప్రతిసారీ నా ఆరోగ్యం అడిగి, వెంటనే సామి సంగతి ఎత్తేది.

మా సామి ఉండేది అడవిలో. మా పెద్దవాళ్లు ఎన్ని తరాల కిందట ఈ తమిళ నేలకు వచ్చారో ఎవరికీ తెలియదు గానీ, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న సామి అని మాత్రం అందరూ చెబుతారు. మూడు రాళ్లు, కొన్ని ఇనుప శూలాలు, వాటి మీద ఒక చింతచెట్టు నీడ. అంతే. చెక్‌పోస్టులో అనుమతి తీసుకుని, జీపు దారిలో కొంత పోయి, ఒక వంక, అంటే చిన్న వాగు, దాటి, అక్కణ్ణుంచి కాలిబాటన ఎక్కాలి. ఏనుగులు తిరిగే చోటు. పొద్దు వాలకముందే బయటికి వచ్చేయాలని చెక్‌పోస్టు వాళ్లు వెళ్లేటప్పుడే గట్టిగా చెబుతారు.

ఇది చాలదన్నట్టు మా వాళ్ల కట్టుబాట్లు వేరే ఉన్నాయి. మొక్కు తీర్చుకున్న మనిషి తిరిగి వచ్చేటప్పుడు అందరికంటే ముందు నడవాలి. వంక దాటి కాళ్లు కడుక్కునేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు, నోరు విప్పకూడదు. వెనకనుంచి ఎవరూ పిలవకూడదు. పొరపాటున పిలిచినా పలకకూడదు. పలికితే మొక్కు సామికి చేరదట. చిన్నప్పటినుంచీ వింటున్నవే కాబట్టి వీటిలో ప్రమాదం ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు.

నాకు తోచిన ప్రమాదాలన్నిటికీ నా దగ్గర యంత్రాలు ఉన్నాయి. ఫోనులో ఆ అడవి మ్యాపు ముందే దించి పెట్టుకున్నాను. అది కాక, అరచేతిలో పట్టే జీపీఎస్ డబ్బా ఒకటి ఉంది. దానికి టవరుతో పని లేదు. మనం నడిచిన దారిని తెర మీద గీతగా గీసుకుంటూ పోతుంది. దారి తప్పితే ఆ గీత పట్టుకుని వెనక్కి రావచ్చు. మా తమ్ముడు దాన్ని చూసినప్పుడల్లా, మా అక్క వంటింట్లోంచి హాల్లోకి రావాలన్నా ఇది కావాలి అని ఎద్దేవా చేస్తాడు. చేసుకోనీ.

బయలుదేరే ముందు తోటలో అత్త ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఏంటికి కణ్ణు? ఫోను ఉండాది గదా?"

"అడివిలో టవర్ ఉండదు అత్తా. ఇది మనం నడిచిన దారిని గుర్తు పెట్టుకుంటాది."

"మనం మరిచిపోతామని దీనికి ముందే తెలుసునా?"

ఆమెను ఊరుకోబెట్టడానికే నేర్పించాను. ఈ బాణం మీరు, ఈ గీత మీరు నడిచిన దారి, బాణం గీత మీద ఉంటే దారిలో ఉన్నట్టు, పక్కకు జరిగితే తప్పినట్టు. అత్త కొబ్బరిచెట్ల మధ్య ఇష్టమొచ్చినట్టు తిరిగి, పశువుల కొట్టందాకా పోయి, మళ్లీ ఆ గీత మీదే నడుస్తూ పంపుసెట్టు దగ్గరికి వచ్చేసింది. "చెయ్యి ఎత్తకుండా ముగ్గు వేసినట్టు ఉండాది" అని మురిసిపోయింది. తెర మసకబారితే ఏ బటన్ నొక్కాలో మరిచిపోకుండా దాని మీద కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఖరీదైన వస్తువుకు ఇదేం పని అని నేను విసుక్కున్నాను. ఆయుధ పూజకు కారుకూ మిక్సీకీ బొట్టు పెట్టే చెయ్యి దీన్ని మాత్రం వదులుతుందా!

కారులో ఫోను తెలుగులో దారి చెబుతుంటే అత్త ప్రతి మలుపులోనూ "సరిమ్మా" అని జవాబిచ్చింది. మేమంతా తమిళంలో చదువుకున్నవాళ్లం, ఇంట్లో తప్ప తెలుగు వినం. "ఏ ఊరి పిల్లో పాపం, రొంబ మర్యాదగా మాట్లాడతాది" అంది. చెక్‌పోస్టు దాటాక ఆ పిల్ల గొంతు ఆగిపోయింది. అత్త కాస్త నొచ్చుకుంది.

వంక దగ్గర చెప్పులు విడిచి, మేం నలుగురం ఎక్కడం మొదలుపెట్టాం. అత్త, నేను, తమ్ముడు, వాడి భార్య. తమ్ముడు కర్ర అందిస్తే అత్త తీసుకోలేదు. "కర్ర పట్టుకుంటే నా కాళ్లతో నడిచినట్టు యాడ అయితాది?" అని, చెయ్యి ఊరికే ఉండలేక నా దగ్గర డబ్బా లాక్కుంది. నా ఫోను నాకు ఉంది కదా అని ఇచ్చేశాను. దారి పొడవునా నిలిచి నిలిచి, మోకాళ్లు పట్టుకుని, మళ్లీ నడిచి, చింతచెట్టు కిందికి చేరేసరికి మా కంటే అత్త ముఖమే వెలిగిపోతోంది. పొంగలి పొంగింది. అత్త చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. నాకోసం ఇంత దూరం నడిచిందని అప్పుడు తెలిసివచ్చి, నేను పొగ వంకతో కళ్లు తుడుచుకున్నాను.

దిగేటప్పుడు అత్త ముందు. కొంచెం ఎడంగా నేను, మరదలు. చివర పొంగలి గిన్నె నెత్తిన పెట్టుకుని తమ్ముడు. ఎవరూ మాట్లాడటం లేదు. డబ్బా అత్త చేతిలోనే ఉంది గానీ ఆమె దాన్ని చూడటం లేదు. ఆమె మనసు ఇంకా సామి దగ్గరే ఉన్నట్టుంది. వెదురు పొదల దగ్గర బాట రెండుగా చీలుతుంది. ఒకటి మేం వచ్చిన సన్న బాట. రెండోది ఏనుగులు తొక్కిన దారి, మా బాట కంటే వెడల్పుగా, శుభ్రంగా ఉంటుంది. అత్త తిన్నగా ఆ రెండో దారి పట్టింది.

నేను చూశాను. నోరు తెరిచాను. మరదలు నా చెయ్యి పట్టుకుని చెవిలో అంది, "వొదినా, పిలవొద్దండి. ఇంత కష్టపడి వచ్చిందంతా పాడైపోతాది. రెండు దార్లూ వంక కాడికే గదా పోయేది?"

ఫోను తీసి చూశాను. ఏనుగుల దారి మ్యాపులో లేదు. కానీ కొండవాలు అంతా వంక వైపే ఉంది, కింద నీలం గీత స్పష్టంగా కనిపిస్తోంది. ఎటు దిగినా వంకకే చేరాలి. సామికీ మ్యాపుకూ ఇంత చక్కగా పొత్తు కుదిరితే ఇంక కాదనేది ఎవరు? ఆమెను దాటి ముందుకు పోయి ఆపడానికీ లేదు, ఎరగని దారిన నెత్తిన గిన్నెతో తమ్ముణ్ణి తిప్పడం ఎందుకు, కింద కలుసుకుందాం అనుకుని మా బాటన దిగేశాం. ఆ నిమిషంలో అది తెలివైన పనిలాగే అనిపించింది.

వంక దగ్గర అత్త లేదు.

నెమ్మదిగా నడుస్తుంది కదా అని కూర్చున్నాం. గిన్నె దించాం. గట్టు వెంబడి ఎగువకూ దిగువకూ కనుచూపు మేర చూశాం. ఆకు కదిలినప్పుడల్లా లేచి నిలబడ్డాం. ఉండేకొద్దీ ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశాం. చెట్ల నీడలు నీళ్ల మీదికి సాగాయి. అత్త ఫోను కారులో, ఆమె సంచిలో ఉంది. ఉన్నా ఇక్కడ మోగదు. వంక దగ్గరికి వస్తే ఎవరో ఒకరు ఉండాలని వాళ్లిద్దరినీ అక్కడే ఉంచి, నేను ఒక్కదాన్నే వెదురు పొదల దగ్గరికి ఎక్కాను.

దుమ్ములో అత్త పాదాల గుర్తులు ఉన్నాయి. వాటి పక్కనే ఏనుగు అడుగు ఒకటి, పళ్లెమంత. కొంచెం అవతల పచ్చి లద్దె. కట్టుబాటు గిట్టుబాటు అన్నీ మరిచిపోయి అరిచాను.

"అత్తా!"

అడవి కాసేపు మోగి ఊరుకుంది. మళ్లీ పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. పలకకపోవడానికి ఒక కారణం మొక్కు. ఇంకో కారణాన్ని నేను అప్పుడు పూర్తిగా అనుకోలేకపోయాను, ఇప్పుడు రాయలేను. "పలకొద్దు అత్తా, చేతులన్నా తట్టండి!" అని కూడా అరిచాను. చప్పట్లు లేవు. ఎక్కడో నెమలి కూసింది.

ఏనుగుల దారిలో కొంత దూరం పోయాను. నేల బండరాయిగా మారింది, అడుగుల గుర్తులు పోయాయి. బృందంలో కొత్తగా చేరేవాళ్లకు ఆదివారాలు నేనే చెబుతుంటాను, వెతికేవాళ్లు తెలిసిన చోటు వదిలి చెదిరిపోకూడదని. చెప్పడం తేలికే. నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. తిరిగి వెదురు పొదల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నాకు సామి మీద కోపం వచ్చింది. అత్త మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. నా ప్రాణం కోసమని మొక్కుకుని తన ప్రాణం మీదికి తెచ్చుకుంటే, మిగిలిన ఈ ప్రాణాన్ని నేనేం చేసుకోను? ఆ మాట సామి రాళ్లకు వినబడేలా పైకే అన్నాను.

అప్పుడు ఎండుటాకుల చప్పుడు వినిపించింది. ఏనుగే అనుకున్నాను. ఊపిరి బిగబట్టి వెదురు వెనక్కి జరిగాను. ఆకుల మధ్య అత్త చీర అంచు కనిపించింది.

తల వంచుకుని వస్తోంది. డబ్బాను రెండు చేతులతో, హారతి పళ్లెం పట్టుకున్నట్టు, ముఖానికి దగ్గరగా పట్టుకుంది. బొటనవేలు కుంకుమ బొట్టు మీద ఉంది. ఒక అడుగు వేస్తుంది, తెర చూస్తుంది, ఇంకో అడుగు వేస్తుంది. నాకు ప్రాణం లేచివచ్చింది. పరుగెత్తి ఎదురు పోయాను. అత్త తల ఎత్తలేదు. అడ్డం వచ్చిన దూడను నెట్టినట్టు మోచేత్తో నన్ను పక్కకు నెట్టింది. దారులు కలిసేచోట నిలబడి, తెర మీద బాణం కుదురుకునేదాకా ఆగి, సన్న బాట వైపు తిరిగి, దిగడం మొదలుపెట్టింది.

ఆ దారిలో ఏం జరిగిందో తర్వాత కారులో చెప్పింది. ఏనుగుల దారి ఒక పెద్ద బండ దగ్గర ముళ్లపొదల్లో ముగిసిందట. అటువైపు లోయ తప్ప ఏమీ లేదట. "నువ్వు పిలిచేది వినిపిస్తానే ఉండాది. పలికితే మొక్కు పోతాది. తిరగకపోతే నేను పోతాను. అప్పుడు ఈ డబ్బా గీత చూస్తిని" అంది. "నేను వెనక్కి తిరిగి చూడలేదు కణ్ణు. తిరిగితిని, ఒప్పుకుంటాను. కన్ను మాత్రం డబ్బా మీద నుంచి తియ్యలేదు. సామికి దీంట్లో తప్పు చెప్పేదానికి ఏమీ లేదు." చేతులు ఎందుకు తట్టలేదని మరదలు అడిగితే, "డబ్బా ఎవరు పట్టుకునేది? నీ మొగుడా?" అని ఆమె మీదికే లేచింది. తమ్ముడు ఆ రోజు తర్వాత నా డబ్బాను ఎద్దేవా చేయలేదు.

అదంతా తర్వాతి మాట. అప్పటికి నేను అరచేత్తో నోరు మూసుకుని, ఏడుపూ నవ్వూ రెండూ బయటికి రాకుండా, ఆమె వెనకే దిగుతున్నాను. వంక దగ్గర తమ్ముడు ఆమెను చూసి నోరు తెరవబోతే వేలు చూపించి ఆపాను. మరదలు అక్కడే నేల మీద కూలబడి దండం పెట్టింది.

అత్త నీళ్లలోకి దిగింది. మెల్లగా దాటి, అవతలి గట్టున వంగి, ఒక కాలు కడిగింది, ఇంకో కాలు కడిగింది. తల మీద కాసిని నీళ్లు చల్లుకుంది. డబ్బాను కొంగుతో తుడిచి గట్టు మీద పెట్టింది. అప్పుడు నడుం నిటారు చేసుకుని, వెనక్కి తిరిగి, నా ముఖంలోకి చూసింది.

"ఓయ్" అంది, నేను అడవిలో పిలిచిన పిలుపులన్నిటికీ కలిపి. "వస్తిని కణ్ణు. ఏంటికి పిలిస్తివి, చెప్పు."

ఏడుస్తూ నీళ్లలోకి దిగి ఆమె దగ్గరికి నడిచాను.