లారీకి ఎదురు

సముద్రం పొంగి ఊర్లకు ఊర్లు కొట్టుకపోయిన యేడు నేను జీడిమెట్లల తాడిపత్రుల షెడ్డుల పనిజేస్తున్న. ఇండ్లు పోయినోళ్లకు పైన కప్పుకునేటందుకని పరాయి దేశాలోళ్లు పైసలిచ్చి తాడిపత్రులు చేయిస్తున్నరు. నీలం రంగువి, మూలకు వాళ్ల జెండా అచ్చు. మేం ఆడోళ్లం మడతవెట్టి, కట్టలుగట్టి లారీకెత్తాలె. గవి ఓడరేవుకు పోయి, ఆడికెల్లి ఓడల లంకకు పోతయన్నరు.

సోమారం పొద్దుగాల్లకు సరుకు రేవుల ఉండాలెనని ఆదివారం గూడ రమ్మన్నరు. మా ఆయన పోయి రెండేండ్లయితాంది. నా బిడ్డ నాలుగేండ్ల పిల్ల. మచ్చ బొల్లారంల మాది ఒక్కటే అర్ర. కడమ దినాలు పక్కింటి వదిన పిల్లను జూస్తుండె, ఆ ఆదివారం ఆమె తల్లిగారింటికి పోయింది. పిల్లకు జరం. గోలీ ఏసి, గిన్నెల గంజి వెట్టి, "మూడు గొట్టేవరకు వస్త బిడ్డా" అని బయట తాళమేసిన. తాళంచెవి నా కొంగుకు కట్టుకున్న.

నాలుగు దాటినంక ఆఖరి కట్ట ఎక్కింది. పోదామని లేస్తే మేస్త్రి చెయ్యి అడ్డం వెట్టిండు.

"యాడికే? ఆరుదాంక రాహుకాలం. గప్పుడు సేటు కొబ్బరికాయ గొడ్తడు. మీరిద్దరు ఎనకర్రల కూసోండ్రి. లారీ గేటు దాటినంక పోదురు."

మీరిద్దరంటే నేను, ఇంకో ముసలవ్వ. షెడ్డు మొత్తంల ముండమోసినోళ్లం మేమిద్దరమే. లారీ ఎల్లేటప్పుడు మేం ఎదురు రావద్దు. ఉన్నదేమో ఒక్క గేటు, అది లారీ ముంగట్నే.

"అన్నా, పిల్లను లోపట వెట్టి తాళమేసొచ్చిన. జరమున్నది."

"ఏంగాదు, జర ఓపికవట్టు." బయటికెల్లి గొళ్లెం వెట్టిండు.

అర్రల పాత డ్రమ్ములు, ప్లాస్టిక్ కాలిన వాసన. కిటికి జాలిలకెల్లి జూస్తే పైసలిచ్చిన దేశపు దొరసాని ఎవలో వచ్చి ఫొటోలు దీస్తాంది. బొట్టున్న ఆడోళ్లనే లారీ పక్కన నిలవెట్టిండ్రు. తలుపు బాదిన. ఇంటికాడ నా బిడ్డ గూడ గిట్లనే తలుపు కొడ్తాంటదేమోనని ఇంకింత గట్టిగ బాదిన.

అవ్వ డ్రమ్ము మీద కూసోని వక్క నములుతాంది. "మనం ఎదురొస్తే లారీ బోల్తవడ్తదట. మరి గా సముద్రానికి ఎవలెదురొచ్చిండ్రే?"

నవ్వొచ్చింది, ఎంబడే ఏడుపొచ్చింది. బయట ఫట్టుమని కొబ్బరికాయ వలిగింది. అవ్వ నా మొకం జూసింది. జూసి, ఒక్కసారే గొంతు జించుకుంది. "పాము! అయ్యో, పామురో!"

మేస్త్రి కట్టె వట్టుకోని గొళ్లెం దీసిండు. నేను ఆయన చంకల కిందికెల్లి ఉరికిన. లారీ కదిలింది. దాని ముంగట్నే గేటు దాటిన. డ్రైవరు బ్రేకు గొట్టిండు. "సత్తెనాశనం! బండి ఎనకకు దియ్యి, ఇంకో కాయ దే!" అని సేటు ఒర్రుతాండు. నేను ఎనకకు మర్రి సూడలే, ఆటో ఎక్కిన.

తాళం దీసి తోస్తే తలుపు రాలే. పిల్ల దానికే ఆనుకోని పండింది. సందుల చెయ్యివెట్టి మెల్లగ జరిపిన. ఒళ్లు కాలిపోతాంది. కండ్లు తెరిచి, "ఇంకా మూడు గాలేదా అమ్మా?" అన్నది.

ఇదంత నేను చెప్తాంటె ఇయ్యాల నా బిడ్డనే రాస్తాంది. ఆ దినం తనకు యాదికి లేదంటది. నాకుంది.

రెండొద్దులకు మళ్ల పనికి పోయిన. పోక ఏంజేస్త? మస్తు సరుకున్నదని సేటు వద్దనలే. గని ఎనకర్రకు గొళ్లెం దీపిచ్చి తాళం వెట్టిపిచ్చిండు. లారీ ఎల్లిన దినమల్ల మేమిద్దరం లోపటనే. మా ఇంటి తాళంచెవి మాత్రం వదిన చేతుల వెట్టి పోతుంటి. వదిన లేనినాడు పనికి పోలే.