చింతపండు గిడ్డంగిలో మూడు జర్కిన్లు

నిన్న మా ఇంటికి కోల్డ్ స్టోరేజీ నుంచి నేరుగా ఒక చింతపండు బస్తా వచ్చింది. మూతి విప్పగానే పుల్లటి చల్లదనం ముక్కుకు తగిలింది. ఇంట్లో వాళ్లకు పులుసు గుర్తొచ్చి ఉంటుంది. నాకు మాత్రం మంచుకొండ గుర్తొచ్చింది, దాని వెనకే బీబక్క.

బీబక్కది రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్. దానికి కావలసిన బట్ట, జిప్పులు, గుండీలు బేరమాడి కొనుక్కురావడం అప్పట్లో నా ఉద్యోగం. అనంతపురంలో మాది బట్టల అంగడి. అంగళ్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి బేరం నాకు ఊపిరి లాంటిది. బస్సు కండక్టరుతో టికెట్టు బేరమాడి నడిరోడ్డు మీద దిగిపోయిన చరిత్ర నాది. ఆదివారాలు మా చుట్టుపక్కల బండరాళ్ల గుట్టలెక్కడం నాకు పిచ్చి. ఆ పిచ్చి పుణ్యమా అని ఉత్తరాఖండ్‌లో ఒక మంచుకొండ ఎక్కే జట్టులో చోటు దొరికింది. అయితే నాయకుడు ముందే ఒక షరతు చెప్పాడు. చివరి శిబిరంలో ఎవరు చలికి వణుకుతుంటే వాళ్లు అక్కడే ఆగిపోవాలి. మా ఇంట్లో ఇలాంటి ప్రయాణానికి రెండోసారి ఒప్పుకోరని నాకు తెలుసు. అంటే నా శిఖరం నేను వేసుకునే జర్కిన్ మీద ఆధారపడి ఉంది.

బెంగళూరులో నాయనకు తెలిసిన అంగడాయన మూడు జర్కిన్లు పంపాడు, నచ్చింది ఉంచుకుని మిగతావి వాపసు ఇచ్చే మాట మీద. మూడింట్లోనూ పాలిస్టరు దూదే. ఒకటి పరుపంత మందం, ఒకటి మధ్యరకం, ఒకటి పల్చన. ఏది వెచ్చన? మా ఊళ్లో పుట్టినవాళ్లకు తోచే ఉపాయమే నాకూ తోచింది. ఏప్రిల్ ఎండలో మిద్దె మీద నిలబడి ఒక్కొక్కటే వేసుకుని చూశాను. మందందానిలో చెమట ధారకట్టింది. ఇంకేం, తేలిపోయింది. మంచి బేరానికి వచ్చేది కూడా అదే కావడంతో, దాన్ని తొడుక్కునే యూనిట్‌కు వెళ్లాను.

“ఏమ్మే, ఎండదెబ్బ తగిలిందా? ఆ అవతారమేంది?” అంది బీబక్క.

“చెమట చూడక్కా! వెచ్చదనమంటే ఇదీ.”

“కవరు కప్పుకున్నా చెమట పోస్తాది. గాలాడక పోస్తాండాది అది.”

“మరి యాది వెచ్చనో ఎట్ల తెలిసేది?”

“నాకేం తెలుసు? నేనేమన్నా మంచులో పుట్టినానా? చలి యాడుందో ఆడికే పోయి చూస్తాం పా.”

మా జిల్లాలో ఎండాకాలం చలి ఉండేది చింతపండు నిలవచేసే కోల్డ్ స్టోరేజీ గిడ్డంగుల్లోనే. హిందూపురంలో ఒక గిడ్డంగికి తీసుకుపోయింది. “ఏమక్కా, చింతపండు కొననీకి వస్తివా, చలి కొననీకా?” అని అక్కడి మేనేజరు నవ్వాడు. మూడు స్టీలు సీసాల్లో ఒకే బానలో కాచిన నీళ్లు పోసి, ఒక్కో జర్కిన్‌లో ఒక్కోటి చుట్టి బస్తాల మధ్య పెట్టాం. మధ్యరకమే గెలుస్తుందని బీబక్క పందెం. చాలాసేపటికి విప్పి చూస్తే మందందానిలోని సీసానే అన్నిటికన్నా వేడిగా ఉంది. నేను గంతులేశాను.

“ఓడినాలే,” అంది బీబక్క నిమ్మళంగా. “ఇప్పుడు తడుపు.”

“వాపసు ఇయ్యాల్సినవి అక్కా!”

“ఆరతాయిలే. కొండ మీద వాన నిన్నడిగి పడతాదా?”

మూడింటినీ నీళ్లలో ముంచి, పిండి, సంచుల్లో కుక్కింది. వాటిమీద కాసేపు దర్జాగా కూర్చుంది కూడా. మళ్లీ విప్పి, మళ్లీ వేడి సీసాలు చుట్టాం. ఈసారి మందందానిలో నీళ్లు చల్లబడిపోయాయి. లైటుకు అడ్డంగా పట్టుకుంటే దూదంతా ముద్దలై కిందికి జారింది, భుజాల దగ్గర ఉత్త గుడ్డే మిగిలింది. మధ్యరకానిదీ ఇంచుమించు అదే గతి. పల్చనిది మాత్రం సంచిలోంచి తీయగానే నూనెలో వేసిన పూరీలా ఉబ్బింది. దానిలోని సీసా ఇంకా వెచ్చగానే ఉంది.

“దూదిలో ఏముండాదిమే వెచ్చన,” అంది బీబక్క, ఆ ఉబ్బును వేళ్లతో నొక్కి వదులుతూ. “దాంట్లో ఇరుక్కున్న గాలి వెచ్చన. ముద్దయితే గాలి యాడ నిలుస్తాది?”

“దీనికి బెంగళూరు ఆయప్ప రూపాయి కూడా తగ్గించనంటాండాడక్కా,” అన్నాను నీరసంగా.

“రేటంటే తగ్గిస్తావు. చలిని తగ్గిస్తావా?”

జీవితంలో మొదటిసారి చెప్పిన ధరకు కొన్నాను. తడిపిన నేరానికి మిగతా రెండూ కొనక తప్పలేదు. వాటిని యూనిట్ వాచ్‌మన్లు చాలా ఏళ్లు తొడుక్కున్నారు.

కొండ మీద చివరి శిబిరం చేరేలోపే తడిమంచు కురిసి అందరం నానిపోయాం. డేరాలో నా పక్కనున్న గుజరాతీ అమ్మాయి, ఎక్కడి నుంచో పులుపు వాసన వస్తోందని తెల్లవార్లూ వెతికింది. నేను చింతపండు గిడ్డంగి చూసొచ్చిన నా జర్కిన్ జిప్పు మెడదాకా లాక్కున్నాను. పొద్దున నాయకుడు ఒక్కొక్కరి చేతికీ తాడిచ్చి ముడి వేయమన్నాడు. నాకంటే బలమైనవాళ్ల వేళ్లు తాడు మీద వణికాయి. జర్కిన్ తడి ఇంకా ఆరలేదు, కానీ లోపల నేను వెచ్చగానే ఉన్నాను. ముడి ఒక్క ప్రయత్నంలో పడింది. “నువ్వు పైకి,” అన్నాడాయన. ఎక్కాను. ఆ మధ్యాహ్నం నా కాలి కింద మేఘాలున్నాయి. బేరమాడేందుకు అక్కడ ఎవరూ లేరు. అయినా నోరు ఊరుకోక, వచ్చిన భాషలన్నిట్లోనూ అరిచాను.

కిందికి దిగి, సిగ్నలు దొరికిన మొదటి ఊరి నుంచి ఫోన్ చేశాను. అవతల మిషన్ల హోరు.

“అక్కా, ఎక్కినా!”

“ఏందిమే? ఇనపల్యా!”

“ఎక్కినానక్కా!”

మంత్రిగారు చూడడానికి వచ్చిన రోజు కూడా ఆ యూనిట్‌లో కుట్టు ఆగలేదు. అలాంటిది, “ఆపండమ్మా మిషన్లు! అన్నీ ఆపండి!” అన్న కేక వినిపించింది. హోరు వరసల వారీగా తగ్గి, నిశ్శబ్దమైంది. “ఇప్పుడు చెప్పుమే, గట్టిగా. అందరూ ఇంటాండారు,” అంది. చెప్పాను. ఫోన్లో ఈలలు, చప్పట్లు.

బీబక్క ఇప్పుడు లేదు. నా బేరాలు మాత్రం ఆగలేదు, కాకపోతే ధర దగ్గర మొదలవడం లేదు. మొన్న ఒక అంగట్లో వానకోటు చేతికివ్వగానే మగ్గుతో నీళ్లడిగి దానిమీద గుమ్మరించాను.

“ఏమ్మా, కొంటావా, కడుగుతావా?” అన్నాడు అంగడాయన బిత్తరపోయి.

“ముందు తడవనీప్పా,” అన్నాను. “రేటు సంగతి తర్వాత.”