వ్యానుకు చిలకపచ్చ రంగు వేసిన వేసవి

నిన్న మధ్యాహ్నం అడాజన్‌లో మా బిడ్డ వాళ్ళ సొసైటీ గేటుకు రంగు వేస్తున్నారు. స్కూలు బస్సు దిగిన మనవరాలిని చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంటే పనివాడు థిన్నర్ డబ్బా మూత తీశాడు. పిల్ల ముక్కు మూసుకుని నన్ను లోపలికి లాగింది గాని నేను కదలలేదు. థిన్నర్ వాసన పీలుస్తూ గేటు దగ్గర నిలబడిపోయిన ముసలివాణ్ణి చూసి ఆ పనివాడు ఏమనుకున్నాడో తెలియదు. ఆ వాసన తగిలితే నాకు ముందు గుండె ఝల్లుమంటుంది, ఆ తర్వాత గాని ప్రాణం కుదుటపడదు. ఎందుకో చెప్పడానికి కరోనా రెండో ఏడాది ఎండాకాలం దాకా పోవాలి. మీరంతా నా ఈడువాళ్ళే, ఆ రోజులు ఎవరింట్లో ఎలా గడిచాయో ఎవరికి వాళ్ళకే తెలుసు. మా ఇంట్లో గడిచింది మాత్రం ఇది.

అప్పట్లో మేము ఇదే ఊళ్ళో నేతవాళ్ళుండే లింబాయత్‌లో ఒక గదీ ఒక వంటిల్లూ ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళం. మా గల్లీలో సగానికి సగం సిరిసిల్ల వైపు నుంచి ఈ గుజరాతీ ఊరికి వలస వచ్చిన నేత కుటుంబాలే. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు, ఆ సాంచాల మీద ముప్పై ఏళ్ళు పనిచేసి, కళ్ళు మందగించాక బార్డోలీలో ఒక బెల్లం వ్యాపారి దగ్గర పాత వ్యాను కొని కార్ఖానాల నుంచి బజారుకు బట్ట తానులు చేరవేసేవాణ్ణి. వెనక సీటు బిగిస్తే అదే మాకు కారు. ఆదివారాలు ఇంటిల్లిపాదీ, పక్కింటి వాళ్ళు కూడా, అందులో కుక్కుకుని డుమస్ సముద్రపు ఒడ్డుకు పోయి టమాటా భజియాలు తిని, కాళ్ళకంటిన నల్ల ఇసుకతో తిరిగొచ్చేవాళ్ళం. ఆ వ్యానులో బెల్లం వాసన ఎన్నేళ్ళకూ పోలేదు.

కరోనా మొదటి ఏడాది సాంచాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ చప్పుడులోనే బతికినవాళ్ళకు ఆ నిశ్శబ్దం ఎంత భయపెట్టిందో చెప్పలేను. అప్పుడు గల్లీలో సేవ చేసే కుర్రాళ్ళు అడిగితే రోగులను ఆస్పత్రికి చేర్చడానికి బండి ఇచ్చాను, నేనే నడిపాను. వాళ్ళు బండికి రెండు పక్కలా ఎర్రరంగుతో పెద్ద ప్లస్ గుర్తు వేశారు. ఒకరోజు మా పక్కింటాయన, ఇరవై ఏళ్ళు నా పక్క సాంచా మీద పనిచేసినవాడు, మా బిడ్డ చిన్నప్పటి నుంచి మామా అని పిలిచినవాడు, ఆస్పత్రి ఇంకా రాకముందే ఆ వెనక సీట్లో ప్రాణం వదిలాడు. అద్దంలో చూస్తూనే ఉన్నాను, ఎప్పుడు పోయాడో తెలియలేదు. ఆ తర్వాత మా బండి వస్తుంటే జనం కిటికీలు వేసుకునేవారు.

రెండో ఏడాది వేసవిలో మా బిడ్డ తొలి కాన్పుకు బార్డోలీ నుంచి పుట్టింటికి వచ్చింది. అల్లుడు అక్కడ చక్కెర మిల్లులో ఉద్యోగి, సెలవు దొరకదు. అంబులెన్సు కోసం ఫోన్లు చేసి చేసి జనం విసిగిపోతున్న రోజులు, ఆటోవాళ్ళు మనిషిని చూస్తేనే పక్కకు తిప్పుకునేవాళ్ళు. నొప్పులొస్తే మన బండి ఉంది కదా అని నేను ధీమాగా అన్నప్పుడు ఆ పిల్ల ముఖం తెల్లగా పాలిపోయింది.

"గా బండ్ల నేను ఎక్క బాపూ. మామ అండ్లనే పాయె గద" అంది.

ఎంత నచ్చజెప్పినా ఆ ఎర్ర గుర్తు వంక చూడడానికి కూడా ఇష్టపడలేదు. సరే, గుర్తు కనబడకుండా చేద్దామనుకున్నాను. షెడ్డులో రంగు వేయించే స్తోమత లేదు, షెడ్లు తెరిచీ లేవు. సగం షట్టర్ ఎత్తి అమ్ముతున్న ఒక గుజరాతీ రంగుల దుకాణదారు దగ్గర ఎవరో పెళ్ళింటికి కలిపించుకుని తీసుకుపోని చిలకపచ్చ రంగు ఒక పెద్ద డబ్బా చవకగా దొరికింది. కారుకు చిలకపచ్చ ఏమిటని మా ఇంటావిడ నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంటి ముందే బండి పెట్టి గరుకు కాగితంతో గీకడం మొదలుపెట్టాను. ఎర్రటి పొడి రేగుతుంటే గల్లీవాళ్ళు తలుపులు మూసుకున్నారు, ఆ పొడిలో రోగం ఉందని ఎదురింటావిడ బెదిరిపోయి పిల్లలను లోపలే కట్టడి చేసింది. ఏడాది కింద వేసిన రంగులో రోగమేమిటని వాళ్ళ పిచ్చికి నవ్వుకున్నాను గాని, నా మాస్కు మీద మరో రుమాలు కట్టుకున్నది కూడా నేనే. ఒక పక్క పూర్తిగా, రెండో పక్క సగం గీకాక బండిని శుభ్రంగా తుడిచి, రంగులో టర్పెంటైన్ కలిపి, బ్రష్షుతో ముందు ఆ మొదటి పక్కకు వేశాను. ఆ టర్పెంటైన్ ఘాటుకు కళ్ళ నీళ్ళు కారాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆ రోజు నాకు వాసన వచ్చింది.

తెల్లారి చూస్తే రంగు నిండా గుంటలు. గోరంత గుంటలు, మధ్యలో పాత తెలుపు కనబడుతూ, బండి ఆ పక్కంతా అచ్చం మసూచి పోసిన ఒళ్ళులా ఉంది. మా ఇంటావిడ చేతిలో చీపురు అక్కడే వదిలేసి రెండు చేతులూ జోడించింది. పోచమ్మ తల్లి బండి మీదికి వచ్చిందని, రోగుల్ని మోసిన బండిని పూజ లేకుండా గీకినందుకు కోపం చూపించిందని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. నేను వాదించబోతే, కడుపుతో ఉన్న బిడ్డ ఇంట్లో ఉండగా అమ్మవారితో ఆటలా అని ఏడ్చింది. నేనూ నోరు మూసుకున్నాను, నిజం చెప్పాలంటే ఆ గుంటలు చూస్తే నాకూ ఒళ్ళు జలదరించింది. మా ఇంటావిడ స్టీరింగుకు వేపకొమ్మ కట్టి, రోజూ పసుపునీళ్ళు చల్లింది. మావైపు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే పొయ్యి మీద తాళింపు పెట్టరు, నూనెలో ఏదీ వేయించరు, ఆ ఘాటు తల్లికి పడదంటారు. బండికి పోసినా అదే మర్యాద అంది. అయిదు రోజులు మా ఇంట్లో ఉల్లి వేగలేదు, ఆవాలు చిటపటలాడలేదు, తాళింపు లేని చారూ పెరుగన్నమూ తిన్నాం. వేసవి కదా, చలువ అనుకున్నాం. కొంచెం దగ్గొచ్చింది, గీకిన ధూళి అనుకున్నాను. ఒళ్ళు నొప్పులు, వంగి వంగి పనిచేసినందుకు అనుకున్నాను.

ఆరో రోజు దుకాణానికి పోయి గుంటల సంగతి చెబితే ఆయన అడిగిన మొదటి మాట, రంగు వేసే ముందు బండిని దేనితో తుడిచావని. దేనితో తుడుస్తాను, చిందితో. చింది అంటే సాంచాల కింద పడే బట్ట ముక్కలూ దారపు చిక్కులూ. ముప్పై ఏళ్ళు చెయ్యయినా చెమటయినా చిందితోనే తుడుచుకున్నవాణ్ణి, ఇంట్లో సంచెడు ఉండేది. చూడడానికి పాలలా తెల్లగా ఉన్నా దాని నిండా దారానికి పట్టించే నూనె ఉంటుందట, ఆ నూనె మీద రంగు నిలవదట. అది వేరేవాడికి తెలియకపోతే సరే, ఆ నూనెలోనే జీవితం గడిపిన నాకు తోచలేదు చూడండి. పోచమ్మ కాదు, నా చేతి అలవాటు. పాత నూలు గుడ్డకు థిన్నర్ పెట్టి తుడిచి మళ్ళీ వేయమని చిన్న డబ్బా ఇచ్చాడు.

ఇంటికొచ్చి బండి పక్కన కూచుని మూత తీశాను. వాసన లేదు. దగ్గరగా పెట్టుకుని పీల్చాను. నీళ్ళు. నీళ్ళు పోసి ఇచ్చాడనుకున్నాను. పనీపాటా లేని రోజుల్లో ముసలివాణ్ణి మోసం చేస్తాడా అని ఒళ్ళు మండిపోయి, డబ్బా పట్టుకుని ఆ ఎండలో దుకాణానికి మళ్ళీ పోయాను, నలుగురూ వినేలా అరిచాను. ఆయన డబ్బా అందుకుని మాస్కు కొంచెం దించి వాసన చూశాడు, చూసీ చూడగానే దగ్గి మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. డబ్బా మెల్లగా నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఘరే జావ్, కాకా" అన్నాడు.

ఇంటికి పొమ్మని. ఆ మాట కోపంగా అనలేదు, అందుకే భయమేసింది. షట్టర్ కిందికి దిగింది.

ఆ రోడ్డు మీదే నిలబడి మాస్కు లాగి, నా చొక్కా వాసన చూశాను, చేతుల వాసన చూశాను, మురుగుకాలువ పక్కన వంగి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ఆ పొద్దున బిడ్డ కంచంలోంచి పెరుగన్నం ముద్ద తీసుకుని తిన్నాను. అయిదు రోజులుగా ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పడుకున్నాం. ఇంట్లో తాళింపు వేగి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది. ఆ పిల్లకూ లోపలి పసికందుకూ నేనే యముణ్ణి అయ్యానేమో అనుకుంటూ ఇంటి దారి పట్టాను.

సిగ్గుతో ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. దారిలో దాచేద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా బండికి రంగు పూర్తి చేస్తే బిడ్డను ఆస్పత్రికి చేర్చే దారైనా మిగులుతుందని, చెబితే గల్లీ అంతా వెలివేస్తుందని లెక్కలు వేసుకున్నాను. గుమ్మం దాకా వచ్చాను కూడా. లోపల బిడ్డ నడుం పట్టుకుని లేస్తూ కనబడింది, అంతే, గడప తొక్కలేకపోయాను. బయట నుంచే మా ఇంటావిడను పిలిచి చెప్పాను. ఆమె వంటింట్లోంచి ఇంగువ డబ్బా తెచ్చి మూత తీసి గడప మీద పెట్టి దూరం జరిగింది.

"జర వాసన చూడుండ్రి" అంది.

చూశాను. తల అడ్డంగా ఊపాను. ఆమె డబ్బా తీసుకోకుండానే కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

ఇంట్లో వేరే గది లేదు, ఆస్పత్రిలో మంచం లేదు. అందుకని నేను ఆ వ్యానులో పడుకున్నాను, పక్కింటాయన పోయిన సీటు మీదే. ఒక పక్క గుంటలు పడ్డ చిలకపచ్చ, ఇంకో పక్క సగం గీకిన ఎర్ర గుర్తు. మా ఇంటావిడ గిన్నె బానెట్ మీద పెట్టి పోయేది. జ్వరంలో పక్కకు తిరగాలంటే భయం, ఆ పోయినాయన నా పక్కనే కూచున్నాడనిపించేది. నా చావు కంటే కూడా, లోపల నుంచి బిడ్డ దగ్గు వినబడుతుందేమోనని చెవి గుమ్మం వైపే పెట్టుకుని ఉండేవాణ్ణి. అది తుమ్మినా నా గుండె ఆగేది.

నాలుగో రోజు తెల్లవారుజామున బిడ్డకు నొప్పులు వచ్చాయి. మా ఇంటావిడ ఎవరెవరినో పిలిచింది, తలుపులు తెరుచుకోలేదు. చివరికి పరుగున పోయి ఆ రంగుల దుకాణదారు ఇంటి తలుపు కొట్టింది. ఆయన డబ్బాలు మోసే తన మూడు చక్రాల టెంపో వేసుకుని వచ్చాడు, నడి వేసవిలో వానాకాలపు రెయిన్‌కోటు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని. ఆయనకూ మాకున్నంత భయమే, అయినా వచ్చాడు. టెంపో కదులుతుంటే బిడ్డ నా బండి వైపు చెయ్యి ఎత్తింది. నేను అద్దం దించలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లికీ పిల్లకూ రోగం లేదని తెలిసేదాకా మూడు రోజులు నేను నీళ్ళు తప్ప ఏదీ మింగలేదు. ఇంటికి తెచ్చాక వ్యాను అద్దానికి అవతల నుంచి చూపించారు. నాకు నయమై, ఒడిలోకి ఇచ్చేసరికి ఇరవై ఒకటో రోజు అయిపోయింది. నూనె మర్దన చేసి, స్నానం పోసి, సాంబ్రాణి పొగ పట్టిన పసిదాన్ని అందరూ ముద్దాడి, అబ్బ ఏం వాసన అంటుంటే నేనూ దాని నెత్తి మీద ముక్కు పెట్టాను. ఏమీ లేదు. గోడకు ముక్కు పెట్టినట్టే ఉంది. అయినా అందరితోపాటు నేనూ అబ్బ అన్నాను.

తిరిగి వాసన రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒక పొద్దున వెల్లుల్లి తాళింపు గుప్పున తగిలితే వంటింట్లోకి పోయి నిలబడి ఏడ్చాను. అప్పటికే పిల్ల పాకుతోంది, ఒంటికి సబ్బూ బిస్కెట్ల వాసన.

ఇప్పుడు సాంచాలు మళ్ళీ ఆడుతున్నాయి, బండి తుక్కు కింద పోయింది, పక్కన ఎవరైనా దగ్గితే ఎవరూ తల తిప్పడం లేదు. బిడ్డ వాళ్ళు బార్డోలీ నుంచి ఇక్కడికి వచ్చేశాక మేమూ వాళ్ళ దగ్గరికి అడాజన్‌కు మారాం. మా ఇంటావిడ మాత్రం తాళింపు పెట్టినప్పుడల్లా వంటింట్లోంచి వాసన వస్తుందా అని అడుగుతుంది, వస్తుందంటాను. నిన్న గేటు దగ్గర వంగి మనవరాలి తల వాసన చూశాను. కొబ్బరి నూనె, చెమట, స్కూలు సుద్దముక్క. మంచి వాసనే. ఇరవై ఒకటో రోజున ఆ తల ఎలా ఉండేదో బిడ్డను ఒకసారి అడిగాను, మాటల్లో చెప్పలేను బాపూ అంది.