విజయదశమి వెర్షన్

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో హోసూరులోని ఒక ఇంజనీరింగు ఫ్యాక్టరీలో నేను డాక్యుమెంట్లు రాసేదాన్ని. మెషిన్లు తయారు చేసేవాళ్లకు మర్యాద ఉంది, అమ్మేవాళ్లకు ఇంకా ఎక్కువ ఉంది. వాటి గురించి రాసేవాళ్లను మాత్రం "ఊరికే రాయడమేనా?" అని అడిగేవాళ్లు. ఊరికే రాయనిచ్చినా బాగుండేది.

ఆ ఏడు నా నెత్తిన పడినది ఒక ఏపీఐ. ఫ్యాక్టరీ డ్రాయింగులన్నీ ఒక సర్వర్‌లో ఉండేవి. ఇంకో ప్రోగ్రాం వచ్చి ఫలానా ఫైలు సంగతేమిటని అడిగితే, దాని వెర్షన్ నంబరు ఎంత, చివరిసారి సేవ్ చేసింది ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది ఈ ఏపీఐ చెబుతుంది. చూడటానికే తప్ప దీంతో దేన్నీ మార్చడానికి వీల్లేదు. సరుకు దించుకునే గేటులోని కంప్యూటరు దీన్నే అడుగుతుంది. పార్టుల చీటీ మీది వెర్షన్ నంబరు ఏపీఐ చెప్పినదానితో కలిస్తే సరుకు లోపలికి, కలవకపోతే వెనక్కి. దీని గురించి ప్రోగ్రామర్లకు ఒక డాక్యుమెంటు, బయట పార్టులు చేసిచ్చే వర్క్‌షాపులకు తేలిక మాటల్లో ఒక చిన్న పుస్తకం నేను రాయాలి.

ఆ వర్క్‌షాపుల్లో ఒకటి మా పక్కింటాయనది. జవళగిరి నుంచి వచ్చి, ఇంటి ముందు రేకుల షెడ్డులో ఇనుము కోసే లేతు మెషిను పెట్టుకున్నాడు. మా ఫ్యాక్టరీ నుంచి ఆయనకు మొదటి ఆర్డరు అప్పుడే వచ్చింది. ఆ తొలి లాటు సరుకు గేటు దాటితే పని నిలబడుతుంది, దాటకపోతే మళ్లీ పిలవరు.

ఆయుధపూజ అయిన వారంలో, డాక్యుమెంటులో ఉదాహరణ కోసం ఒక డ్రాయింగు గురించి ఏపీఐని అడిగాను. చివరిసారి సేవ్ చేసింది డిజైన్ సెక్షన్ పెద్దాయన, విజయదశమి ఉదయాన. కారణం అన్న చోట 'శుభం' అని ఉంది. ఇంకో డ్రాయింగును అడిగాను. అదే మనిషి, అదే ఉదయం, అదే శుభం. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని వాటిదీ ఇదే కథ. అన్నింటి వెర్షనూ ఒకటి పెరిగి కూర్చుంది.

మా వైపు ఆయుధపూజకు పనిముట్లకు గంధం, కుంకుమ పెట్టి ముట్టకుండా ఉంచుతారు. మర్నాడు మంచి వేళలో ప్రతి పనిముట్టుతోనూ కాస్త పని మొదలుపెడతారు. లేతు ఉన్నవాళ్లు ఒక పీసు కోస్తారు. డిజైన్ సెక్షన్ పెద్దాయనకు పనిముట్లంటే డ్రాయింగులే.

"ఒక్కదాన్నీ విడవకుండా తెరిచి సేవ్ చేసినామమ్మా," అన్నాడాయన ఎంతో సంతోషంగా. "కొన్నిటికి చేసి కొన్నిటిని విడిచిపెడితే బాగుంటుందా?"

"లోపలేమన్నా మార్చినారా అప్పా?"

"ఛీ ఛీ, పండగ పూట గీతల మీద చెయ్యి వేస్తామా? ఊరికే సేవ్ చేసినాము."

అంత భక్తిగా చేసినవాడి మీద కోపం తెచ్చుకోవడం కూడా నా వల్ల కాలేదు. నా కోపమంతా మా మేనేజరు కోసం మిగిలింది. వెర్షన్ నంబరు పెరిగినంత మాత్రాన డ్రాయింగు మారినట్టు కాదు, కారణం 'శుభం' అని ఉంటే పాత పార్టులు పనికొస్తాయి అని పుస్తకంలో ఒక వాక్యం రాశాను. ఆయన కొట్టేశాడు. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాడు.

"మన ఇంటి గోల ఊరికంతా చెప్పుకోవాల్నా అమ్మా? ఏపీఐ ఏం చూపిస్తుందో అది రాయి, చాలు."

"గేటులో సరుకంతా ఆగిపోతుంది సార్."

"ఆగితే డ్రాయింగు కొత్త ప్రింటు తీసుకుంటారు. నీకెందుకు ఆ తలనొప్పి?"

నా వాక్యం ఉన్న చోట ఆయనే దగ్గరుండి ఇంకోటి రాయించాడు. వెర్షన్ పెరిగితే పాత డ్రాయింగుతో చేసిన పార్టులు చెల్లవు, కొత్తవాటితో కలవకుండా తుక్కు చేయాలి అని. పుస్తకం అచ్చయి అన్ని వర్క్‌షాపులకూ వెళ్లింది. ఒళ్లు మండిపోయింది. ఇందుకేనా నన్ను పనిలో పెట్టుకున్నది అనిపించింది.

అది చాలదన్నట్టు, కృష్ణగిరి వైపు వర్క్‌షాపుల వాళ్లకు ఆ పుస్తకం వివరించి రమ్మని నన్నే పంపారు. పక్కన మేనేజరు కాపలా. ముందు వరసలో ఒకాయన లేచి, "మారిందని చెబుతుంది సరే, ఏం మారిందో చెప్పదా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మేనేజరు లేచి, అందరినీ టీకి పొమ్మన్నాడు. తిరుగు బస్సులో ఆయనకు దూరంగా వెనక సీటులో కూర్చుని హోసూరు వచ్చాను.

సాయంత్రం వీధిలోకి అడుగు పెట్టేసరికి పక్కింటాయన షెడ్డు ముందర నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే లోపలికి పిలిచాడు. నేల మీద పాత ప్రింటు, కొత్త ప్రింటు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఆయన భార్య వాటి మీద వంగి వెతుకుతోంది.

"లాటు గేటులో తిరగ్గొట్టినారమ్మా. కొత్త ప్రింటు ఇచ్చి మళ్లీ చేయమన్నారు. యాడ మారిందో మాకు కనపడలేదు. నువ్వే చెప్పల్ల."

"ఏమీ మారలేదప్పా," అన్నాను. "పాతవి యాడ పెట్టినారు?"

"మీ పుస్తకంలో చెప్పినట్టే చేసినాను. కొత్తవాటితో కలవకూడదు కదా, పొద్దున్నే తుక్కు బండికి వేసేసినాను." గోడ మీది దేవుడి పటం కింద నుంచి కుంకుమ అంటిన ఒక పీసు తీసి నా చేతిలో పెట్టాడు. "విజయదశమికి కోసిన తొలి పీసు, దీన్ని వేయడానికి మనసు రాలేదు. దీన్నీ తుక్కుకే వేయాల్నా?"

గేజు తీసుకుని కొత్త ప్రింటు పక్కన పెట్టి ఆయన చేతే కొలిపించాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"వేయొద్దప్పా. ఇది మంచిదే."

ఆయన ఆ పీసును చేతిలో తిప్పి చూసి, భార్య వైపు చూశాడు.

"అయితే బండికి వేసినవన్నీ మంచివేనా అమ్మా?"