సాయ్‌పిన్ కోపానికి చప్పట్లు

మోకాళ్లూ మోచేతులూ వాడే మా థాయ్ బాక్సింగ్‌లో సాయ్‌పిన్ మోకాలి దెబ్బ తిని నిలబడ్డ ఆడపిల్ల మా ఈశాన్య సీమ ఈసాన్‌లో ఉండేది కాదు. రొయ్‌ఎట్ దగ్గర ఊరు వాళ్లది. తండ్రి కొడుకులకు నేర్పుతుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకుంది. కొడుకులు ఒకడు సైన్యంలోకి, ఒకడు ఫ్యాక్టరీకి పోయారు. చూసి నేర్చుకున్నది ఛాంపియన్ అయింది.

ఆ గెలుపు గురించి ఎవరైనా అడిగితే మాత్రం ఆమె మొహం ఎర్రబడేది. మగవాళ్లు పై తాడు దాటుకుని దర్జాగా బరిలోకి దిగుతారు. ఆడది అలా దాటితే బరికి మైల అంటుకుంటుందట. అందుకని అట్టడుగు తాడు కింద నుంచి దూరి రావాలి.

"ఛాంపియన్ బెల్టు నడుముకు కట్టారన్నా. కట్టి, మళ్లీ పాక్కుంటూనే బయటికి పొమ్మన్నారు. కొత్త బెల్టు! నేలకి రాసుకుని గీతలు పడింది," అనేది నాతో.

నేను బున్‌లువా బాబాయ్ మొలామ్ బృందంలో హాస్యగాణ్ణి. తిరునాళ్లలో పాటలు, నాట్యం, మధ్యమధ్య మా వేషాలు. మోకాలు చెడి ఆట మానేశాక సాయ్‌పిన్ మాతో చేరింది. మంచి గొంతు. మా ఇద్దరికీ జోడీ కట్టారు. నేను తాగొచ్చిన మొగుణ్ణి, ఆమె నిక్కరూ గ్లవుజులూ వేసుకున్న పెళ్లాం. నేను తూలుతూ వచ్చి "అన్నం పెట్టవే!" అని అరిచేసరికి ఆమె కాలు నా చెవి పక్క నుంచి గాలిని కోసుకుంటూ పోయేది. నేను దబ్బున పడేవాణ్ణి. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు అన్నం బుట్టల మూతలు వాయించి ఈలలు వేసేవాళ్లు.

రెండో ఏడు బాబాయ్ కథ మార్చాడు.

"పెద్దమనుషులు నొచ్చుకుంటున్నారమ్మా. ఈసారి మొగుడే చెప్పుచ్చుకుని కొడతాడు. వేదిక చుట్టూ బరిలా తాడు కడతాం, నువ్వు ఏడుస్తూ దాని కింద నుంచి పాక్కుంటూ పోవాలి. నీ పాత సంగతి అందరికీ తెలిసిందేగా, పడీ పడీ నవ్వుతారు."

"నవ్వుతారా?" అంది సాయ్‌పిన్.

"మరి నిన్ను పెట్టుకున్నదెందుకే?"

నాకు ఒళ్లు మండింది. "మరీ అన్యాయం బాబాయ్," అన్నాను.

"చెప్పు నీ చేతిలోనే ఉంటుందిగా, నీకేం రోగం?" అన్నాడు.

యసోథోన్ తిరునాళ్లలో ఆ వేషం వేశాం. నేను రబ్బరు చెప్పెత్తాను. ఆమె పడింది, ఏడ్చింది, తాడు దాకా పాకింది. జనం గొల్లుమంటున్నారు. తాడు దగ్గర ఆగి, లేచి నిలబడింది.

"నేను పోను," అంది. మైకులో అందరికీ వినబడింది.

డోలు ఆగిపోయింది. బాబాయ్ ఇకిలిస్తూ వేదిక ఎక్కాడు. "మా ఛాంపియన్‌కి దెబ్బలు తినీ తినీ మతి పోయిందండోయ్!" అంటూ ఆమె తల మీద ఫట్టున కొట్టాడు. తల మీద! మాలో తల పవిత్రం, కన్నతండ్రి కూడా వేయని చోట చెయ్యి వేశాడు.

సాయ్‌పిన్ రెండు చేతులూ అతని మెడ వెనక బిగించింది. ఆ పట్టులో పడ్డవాళ్లెవరూ సొంతంగా బయటపడలేదు.

"వదలవే తల్లీ, మెడ విరుగుద్దే!"

"పాకు బాబాయ్."

"ఏంటే?"

"పాకమంటున్నా!"

పట్టుచొక్కాతోనే మోకాళ్ల మీద పడి, తాడు కింద నుంచి దూరిపోయాడు. ఇదంతా వేషమే అనుకున్నారు జనం. చప్పట్లు, ఈలలు, పూలదండలు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అది చూసి ఇంకా నవ్వారు.

వేదిక వెనక ఆమెను తరిమేస్తాడనుకున్నాను. బాబాయ్ దుమ్ము దులుపుకుంటూ మొహమంతా నవ్వుతో వచ్చాడు.

"అదిరిపోయిందే! రేపటినుంచి రోజూ ఇదే కట్టు. ఆ కన్నీళ్లు కూడా ఉంచు, బాగా పండాయి."

"నాకు నిజంగా కోపం వచ్చింది బాబాయ్!" గొంతు చించుకుని అరిచింది సాయ్‌పిన్. "నీకది కూడా ఆటేనా?"

"నిజమైతే మరీ మంచిది," అన్నాడు.

ఆమె రంగుల పెట్టె అతని కాళ్ల ముందు బోర్లించి, బట్టల సంచి భుజానికి తగిలించుకుంది. వెనకే నేనూ నడిచాను. "నువ్వెక్కడికిరా?" అని అరుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు మా ఇద్దరితోపాటు ముగ్గురు వాయిద్యగాళ్లు. గృహప్రవేశాలకు, కుర్రాళ్లు సన్యాసం పుచ్చుకునే విందులకు పాడుతున్నాం. పాటలు ఆమే కడుతుంది. కూతుర్ని పక్కన నిలబెట్టిన తండ్రుల మీద కడుతుంది, మైల కనిపెట్టిన పెద్దల మీద కడుతుంది. కొన్ని ఇళ్లవాళ్లు మళ్లీ పిలవరు. "పిలవకపోతే పోనీ," అంటుంది.

బున్‌లువా బృందానికి మాత్రం ఢోకా లేదు. బాబాయ్ ఎవరో పిల్లకి నిక్కరూ గ్లవుజులూ తొడిగి ప్రతి ఊళ్లోనూ ఆ పిల్లచేత మెడ పట్టించుకుంటున్నాడు. జనం విరగబడుతున్నారు. మొన్న రొయ్‌ఎట్ బస్టాండులో ఆ వాల్‌పోస్టరు కనబడితే సాయ్‌పిన్ గోళ్లతో గీకి చింపేసింది. బస్సు కోసం నిలబడ్డ ఒక కుర్రాడు ఆమెను గుర్తుపట్టి ఫోనెత్తాడు.

"అక్కా, ఒక్కసారి ఆ కోపం మొహం పెట్టవా? ఫోటో తీసుకుంటా."

"పెట్టేదేంటి తమ్ముడూ," అంది సాయ్‌పిన్, "ఇది నా మొహమే."

కుర్రాడు ఫోను జేబులో పెట్టుకుని, తనది కాని బస్సెక్కేశాడు.