ఢాకాకి మోసుకెళ్ళిన తెల్లచీర

ఆ రోజుల్లో విదేశం అనే మాట వింటే మా ఇంట్లో ఎవరికీ విమానం గుర్తొచ్చేది కాదు, పెద్దమ్మ గుర్తొచ్చేది. ఇప్పుడు ఆ మాట తీరే మారిపోయింది. కలకత్తా న్యూ టౌన్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే విజయవాడ కుర్రాడొకడు, నోరారా తెలుగు మాట్లాడి వారమైపోయిందంటూ ఆదివారాలు వాట్‌గంజ్‌లో మా గదికి వస్తుంటాడు. మొన్న వచ్చినప్పుడు వియత్నాంలో తానెంత చవగ్గా తిరిగాడో ఫోనులో ఫొటోలు తిప్పి తిప్పి చూపించాడు. వీపున సంచి, రోడ్డు పక్కన తిండి, ఒకే గదిలో పన్నెండు మంది పడక. (మేము పుట్టిన దగ్గర్నుంచీ అలాగే పడుకున్నాం. దానికి టిక్కెట్టు కొనుక్కునేవాళ్ళు ఉంటారని నాకు తెలీదు.) "తాతగారూ, మీరెప్పుడైనా ఫారిన్ వెళ్ళారా?" అని చివర్లో కాస్త జాలిగా అడిగాడు. ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది. వెళ్ళానయ్యా, నీకంటే చవగ్గా వెళ్ళాను, ఎవరికీ ఫొటోలు చూపించలేని ప్రయాణం చేశాను అన్నాను. చెప్పమన్నాడు. సగం చెప్పేసరికి వాడికి ఫోనొచ్చి లేచిపోయాడు. అందుకని ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మా తాతల్ని తెల్లదొరలు శ్రీకాకుళం పల్లెల నుంచి రైలెక్కించి తెచ్చింది ఊళ్ళు ఊడవడానికి. కొందరిని కలకత్తాలో దించారు, కొందరిని ఢాకా దాకా తోలారు. అప్పట్లో మధ్యలో సరిహద్దు లేదు గనక అమ్మ వాళ్ళ అక్కని ఢాకా సంబంధానికి ఇచ్చారు. తర్వాత దేశాన్ని కోసేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదు (చీపురు పట్టినవాణ్ణి అడిగి ఎవరూ ఏదీ చెయ్యరు, అంతా అయ్యాక ఊడవడానికి మాత్రం పిలుస్తారు). అక్కా చెల్లెళ్ళు రెండు దేశాలవాళ్ళైపోయారు. నా చిన్నతనంలో అక్కడ బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు పెద్దమ్మా పెదనాన్నా పారిపోయి వచ్చి కొన్ని నెలలు మా గదిలోనే ఉన్నారు. పెదనాన్న ఎడమ చేతికి ఆరు వేళ్ళు. "మునిసిపాల్టీవోళ్ళు అయిదు వేళ్ళకే జీతం ఇస్తన్నార్రా, ఈ ఆరోది ఉత్తినే పన్జేస్తంది" అని మా పిల్లల్ని నవ్వించేవాడు. యుద్ధం అయ్యాక, ఉద్యోగమూ గదీ అక్కడే ఉన్నాయని మళ్ళీ వెళ్ళిపోయారు.

ఇక నా సంగతి. నేను నాలుగో తరగతిలో బడి మానేశాను. (మానేశానన్నది పరువు కోసం. అందరితోపాటు బెంచీ మీద కాకుండా గుమ్మం బయట కూర్చోబెడితే, అక్కణ్ణించి ఇల్లే దగ్గరనిపించి లేచి వచ్చేశాను.) పకోడీలు కట్టిచ్చిన కాగితాల మీద బెంగాలీ నేర్చుకున్నాను, చిత్తు బుట్టల్లో దొరికిన పాత వారపత్రికల మీద తెలుగు నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళొచ్చేసరికి మా బస్తీ అంతటికీ ఉత్తరాలు చదివిపెట్టే పెద్దమనిషిని నేనే. ఊరికే చదవడం కాదు, అందులో రాయనిది కూడా విడమరిచి చెప్పేవాణ్ణి. అదే కొంప ముంచింది.

ఒకరోజు ఢాకా నుంచి కార్డు వచ్చింది. దానికి ఒక మూల చిరిగి ఉంది. మా బస్తీలోని బీహారువాళ్ళ నుంచి మాకూ అంటిన అలవాటు ఒకటుంది. చావు కబురు మోసుకొచ్చే కార్డుకి మూల చింపి పంపుతారు, చదువు రానివాళ్ళకి కూడా చూడగానే తెలియాలని. పోస్టుమాన్ చేతిలో ఆ మూల చూసి అమ్మ గుమ్మంలోనే కూలబడింది. నేను కార్డు తీసుకుని చదివాను. పెద్దమ్మ ఎవరి చేతో బెంగాలీలో రాయించింది. మీ పెదనాన్న సంగతి ఏమని రాయను, అంతా దేవుడి చేతిలో ఉంది, వీలైతే వెంటనే ఎవరైనా రండి. అంతే.

"పోయినాడని రాయనేదు కదరా?" అంది అమ్మ, ఇంకా ఆశ చావక.

"సదువొచ్చినోళ్ళు అలాగ మొకం మీద కొట్టినట్టు రాయరమ్మా. ఇది మర్యాద. మూల సూసినావు కాదేటి?" అన్నాను.

ఆ రకంగా పెదనాన్నని నేనే చంపేశాను.

మాలో మొగుడు పోయిన ఆడదానికి పదో రోజున పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. పెట్టకపోతే దాని వెనక ఎవరూ లేరని ఊరందరికీ చాటినట్టే. ఆ తర్వాత మరుదులు దాన్ని వీధిలో నిలబెట్టినా ఎందుకని అడిగే దిక్కుండదు. పెద్దమ్మకి పిల్లల్లేరు, అన్నదమ్ముల్లేరు. పుట్టిల్లంటే మేమే. ఎప్పటికైనా పెద్దమ్మని చూసొద్దువు గాని అని అమ్మ అంతకు ముందే నా చేత తీయించిన పాస్‌పోర్టు ఒకటి పెట్టెలో ఉంది. వీసా ముద్ర కోసం రెండు రోజులు క్యూలో నిలబడ్డాను. కార్డు మీది తేదీ నుంచి లెక్కపెడితే ప్రయాణానికి ఇక రెండు రోజులే మిగిలాయి. అమ్మ సన్నంచు తెల్లచీర ఒకటి కొని మూటకట్టి నా చేతికిచ్చింది.

"ఒరే, ఈ సీరతోటి ఎవులింటి గడపా తొక్కకు, ఆలకి మంచిది కాదు. కింద పెట్టకు. పెద్దమ్మ వీధి మొగలోనే ఏడుపు ఎత్తుకో. నోరు మూసుకుని ఎల్లినావంటే పుట్టింటోళ్ళకి పేమ నేదంతారు."

నేను అప్పటికే మూఢనమ్మకాలంటే మండిపడే మనిషిని. ఇలాంటివి నమ్మనని అమ్మకి గట్టిగా చెప్పి, మూడింటినీ తు.చ. తప్పకుండా పాటించాను.

షియాల్దాలో లోకల్ రైలెక్కి సరిహద్దు దగ్గర దిగాను. సంచిలో మరమరాలు, పచ్చిమిరపకాయలు, చంకలో చీర మూట. దేశం దాటేవాడి సామాను అంతే. అవతలి కస్టమ్స్ ఆఫీసరు మూట విప్పమన్నాడు. ఆ దారిన మన చీరలు దొంగచాటుగా దాటిస్తారట. "ఒక్కటే కనిపిస్తోంది, మిగతావి ఎక్కడ కట్టుకున్నావు?" అంటూ నా చొక్కా విప్పించాడు. మరమరాల్లో మోచేతి దాకా పెట్టి కలియబెట్టాడు. (రెండు రోజులూ అవే తిన్నాను.) చివరికి "పెళ్ళికా?" అన్నాడు వెటకారంగా. "చావుకి" అన్నాను. ఆయన చీరని తనే రెండు చేతులతో మడతపెట్టి ఇచ్చాడు.

అవతల బస్సెక్కి, జెస్సోర్ అనే ఊళ్ళో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఢాకా బస్సుకి ఇంకా మూడు గంటలుంది. తెలియని ఊళ్ళో జేబు ఖాళీగా ఉన్నవాడికి కూర్చునే చోటు కూడా దొరకదు. బెంచీ మీద కూర్చోవాలంటే టీ తాగాలి, నీడలో నిలబడితే ఆ నీడ తాలూకు దుకాణంవాడు ఎగాదిగా చూస్తాడు. అలా నీడలు మారుస్తూ తిరుగుతుంటే, బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన, గొడుగులు బాగుచేసుకుని బతికే మనిషి, వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పరాయి దేశం పిల్లాడివి మా ఊళ్ళో ఇలా ఎండలో తిరుగుతుంటే మాకు తలవంపులు కాదూ? పద, అన్నం తిని వెళ్దువు గాని" అని బెంగాలీలో కేకలేస్తూ వాళ్ళింటికి లాక్కెళ్ళాడు. రేకుల ఇల్లు. లోపల్నుంచి చేపల పులుసు వాసన. నేను గడప దగ్గర ఆగిపోయాను.

"లోపలికి రా బాబూ."

"ఇక్కడే కూర్చుంటాను చాచా."

"ఇదేం బస్టాండా బయట కూర్చోడానికి? రా."

"వద్దు చాచా, ఇక్కడే బాగుంది."

ఆయన మొహం నల్లబడింది. "అర్థమైందిలే. హిందువువి. ముసల్మాను ఇంట్లో అడుగుపెడితే నీ కులం పోతుంది."

నా కులం! అది ఎప్పుడు పోతుందా అని పుట్టినప్పట్నుంచీ ఎదురుచూస్తున్నవాణ్ణి నేను. బడిలోకి రానివ్వలేదు, గుడిలోకి రానివ్వలేదు, టీ దుకాణంలో నా గ్లాసు బయట మేకుకి వేలాడేది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక పెద్దమనిషి చెయ్యి పట్టి ఇంట్లోకి రమ్మంటే, కులగర్వంతో రానంటున్నానని మాట పడ్డాను. ఆ క్షణాన నా మీద, అమ్మ మీద, ఆచారాలు పెట్టినవాళ్ళ మీద పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. మూట విప్పి చూపించాను. తెల్లచీర చూడగానే ఆయనకి తెలిసిపోయింది. బెంగాల్‌లో ఎవరికైనా తెలుస్తుంది.

"దీంతో గడప తొక్కితే మీ ఇంటికి మంచిది కాదట చాచా. నేను నమ్మననుకోండి" అన్నాను.

"నమ్మకపోతే మరి లోపలికి రావచ్చుగా?" అన్నాడాయన.

నేను మూట ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద చతికిలబడ్డాను. ఆయన లోపలికి వెళ్ళి రెండు కంచాలు బయటికి తెచ్చి, మెట్టు మీద నా పక్కనే కూర్చుని తిన్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తే "మా చుట్టం, కలకత్తా నుంచి" అని ఒక్కొక్కరికీ గట్టిగా చెప్పాడు. చీర నా ఒళ్ళోనే ఉంది. దాని మీద పులుసు పడకుండా తినడానికి నేను పడ్డ పాట్లు చూసి నవ్వాడు కూడా.

పద్మా నది దాటే ఫెర్రీ మీద ఒక మూల నిలబడి ఏడుపు అభ్యాసం చేశాను. ఎంత ప్రయత్నించినా గొంతులోంచి మూలుగే వస్తోంది. పక్కనున్న ముసలావిడ కడుపునొప్పి అనుకుని కొంగుముడి విప్పి వాము పెట్టింది. తెల్లారాక ఢాకాలో దిగి, అడుగుతూ అడుగుతూ తెలుగువాళ్ళ కాలనీ చేరాను. వీధి మొగ. అమ్మ మాట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని గొంతెత్తాను.

"ఓ పెదనాన్నా! మమ్మల్ని ఒగ్గీసి ఎలిపోనావా పెదనాన్నా!"

కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు ఒదిలేసి నోళ్ళు తెరిచారు. నేను ఆపలేదు. మూడో గది ముందు మంచం మీద పడుకున్న బక్కచిక్కిన మనిషి ఒకాయన ఆదరాబాదరా లేచి కూర్చుని, "ఎవుల్రా? ఎవులు పోయినార్రా?" అని అడిగాడు. చెవిలో సన్నటి కాగితం చుట్ట తిప్పుకుంటున్నాడు. ఆ చుట్టని పట్టుకున్న చేతికి ఆరు వేళ్ళు.

"పెదనాన్నా... నువ్వే" అన్నాను.

"నానేటి?"

"నువ్వే పోయినావు."

ఆయన తన కాళ్ళకేసి ఒకసారి చూసుకున్నాడు. "మరి నాకెవులూ సెప్పనేదేటి!"

పెద్దమ్మ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. మూల సంగతి చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "కార్డు రాయించి తెచ్చి ఈయన పక్కన ఎట్టినాన్రా. సెవి దురదెడితే మూల సింపీసుకున్నాడు. ఈ ముసిలోడి సెవి గులివికి నన్ను ముండని సేసీసినార్రా మీరు!" అంటూ మొదలుపెట్టిన తిట్టు నవ్వై కూర్చుంది. పెదనాన్న కూడా నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. పెద్దమ్మ పట్టిన గుడ్డ మీద ఎర్రగా కనిపించింది. ఇరవై ఏళ్ళు మురుగు కాలవల్లో దిగిన ఊపిరితిత్తులవి. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారట. కార్డులో ఏమని రాయను అన్నది నిజంగా ఏమని రాయాలో తెలియకే.

మూటని ఒళ్ళో చేతులతో కప్పుకుని కూర్చున్నాను. కింద పెట్టకూడదాయె, చూపించకూడదాయె.

"ఒళ్ళో ఏట్రా అది?"

"ఏటీ నేదు పెదనాన్నా."

"సీర. తెల్లది. నా కళ్ళింకా పన్జేస్తన్నాయి." చెయ్యి చాపాడు. "దానికిచ్చీ."

పెద్దమ్మ తువ్వాలు తీసి నన్ను బాదింది. "మొగుడు ఎదర కూకోనుండగా తెల్లసీర ముట్టుకుంతానేటి! పట్టుకుపో! గంగలో పారీ!"

"ఆగే. నాను సచ్చిన కబురు కలకత్తా ఎల్లీసరికి పదో రోజు దాటిపోద్ది. ఈడు మళ్ళీ ఎక్కడ రాగలడు? నా తమ్ముళ్ళు ఈ గది కోసం గెద్దల్లాగ కాసుకోనున్నారు. అందరినీ పిలు. పుట్టింటోళ్ళు వొచ్చినారని అందరూ సూడాల. నానూ సూడాల."

కాలనీ అంతా గది ముందు చేరింది. మరుదులిద్దరూ వచ్చి తలలు దించుకుని నిలబడ్డారు. నేను రెండు చేతులతో చీర ఇచ్చాను. పెద్దమ్మ అందుకుంది, గాజుల చేతులతో. ఎవరికీ ఏడుపు రాలేదు. పెదనాన్న అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "నేత బాగున్నాది" అన్నాడు.

మూడో రోజు తిరుగు ప్రయాణం. చావింటి నుంచి బయల్దేరేవాడు వెళ్ళొస్తానని అనకూడదు. మామూలు ఇంటి నుంచి బయల్దేరేవాడు వెళ్ళొస్తానని అనకుండా కదలకూడదు. చీర ఇచ్చేశాను, మనిషేమో మంచం మీద కూర్చుని నాకేసి చూస్తున్నాడు. ఇలాంటి ఇంట్లో ఏమనాలో నేను చదివిన ఏ చిత్తుకాగితంలోనూ లేదు. చెప్పులేసుకుని నోరు మెదపకుండా నిలబడిపోయాను.

"ఏట్రా, నోరు పడిపోనాదేటి? నాను ఇంకా ఉన్నాను. సెప్పీసి ఎల్లు."

"ఎల్లొస్తాను పెదనాన్నా."

"రా. ఈపాలి వొచ్చినపుడు సందేశ్ మిఠాయి పట్టుకురా. సీర వొద్దు."

ఆయన పోయిన కబురు మాకు అందేసరికి నెల దాటింది. పదో రోజున పెద్దమ్మ ఆ చీరే కట్టుకుందట. పుట్టింటివాళ్ళు మా కళ్ళ ముందే పెట్టి వెళ్ళారని కాలనీ అంతా చెప్పిందట. గది ఆవిడకే ఉండిపోయింది. నేను మళ్ళీ ఢాకా వెళ్ళలేదు. నమ్మని ఆచారాలన్నీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాటించిన ఆ ఇరవై రెండేళ్ళవాడు, ఆ ప్రయాణం మొత్తం మీద మనసారా నమ్మి అన్న మాట ఒక్కటే, అదే నిలబెట్టుకోలేదు. తలుచుకుంటే వాడి మీద కోపం వస్తుంది. అంతలోనే, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సందేశ్ ఏ దుకాణంలో కొంటే ఢాకా చేరేదాకా పాడవకుండా ఉంటుందా అని వాడు దారి పొడుగునా ఆలోచించడం గుర్తొస్తుంది. నాలో నేనే నవ్వుకుని వాణ్ణి వదిలేస్తాను.